అవతలి ఒడ్డు సిగ్నల్

తన గోదాము తాళం తానే పగలగొట్టాలని షావుకారు సోమవారం నిర్ణయించుకున్నాడు. ముహూర్తం మర్నాడు మధ్యాహ్నం మూడు గంటలు.

గోదాములో ఉన్నవి మూడు వందల సెల్‌ఫోన్లు. నది అవతలి దేశంలో సగం ధరకు కొన్నాడు. అమ్మినవాడికి పిచ్చి పట్టిందని మురిసిపోయాడు. తీరా పెట్టెలు విప్పాక, పిచ్చి ఏ ఒడ్డున ఉందో తెలిసింది. అవతలి టవర్లది ఒక ఫ్రీక్వెన్సీ, ఇవతలి టవర్లది మరొకటి. ఆ ఫోన్లకు ఇవతలి ఫ్రీక్వెన్సీ అందదు. ఈ ఊళ్లో అవి టైము చూపిస్తాయి, టార్చిలైటు వేస్తాయి, మాట్లాడమంటే మాత్రం మాట్లాడవు. మొదట కొన్న ముగ్గురూ మర్నాడే తిరిగొచ్చి, ఫోన్ అవసరం లేకుండానే వీధి చివరి దాకా వినపడేట్టు షావుకారుతో మాట్లాడి వెళ్లారు.

సరుకు ఉంటే పైసా రాదు. పోతే బీమా కంపెనీ పూర్తి ధర ఇస్తుంది. అది రాకపోతే షాపు మూసుకోవాలి. ఇంత తేలికైన లెక్క షావుకారు జీవితంలో చేయలేదు. చిక్కు ఒక్కటే. దొంగలు పడ్డ వేళ మీరెక్కడున్నారని బీమా వాళ్లు మొట్టమొదట అడిగేది యజమానినే.

ఆ చిక్కు విప్పినవాడు బావమరిది. ముప్పై ఏళ్లు వస్తున్నా అక్కగారింట్లోనే మూడు పూటలా తింటూ, మంచి ఉద్యోగం తనను వెతుక్కుంటూ వస్తుందని నమ్మే మనిషి.

“బావా, మన వెనకగదిలో ఫోన్ వాడితే బిల్లు ఎందుకు వాచిపోతుందో తెలుసా?” అన్నాడు.

“తెలియకేం? నా ఫోన్ నువ్వు వాడతావు కనక.”

“అది కాదులే. మన టవర్‌ది ఎక్కువ ఫ్రీక్వెన్సీ. గోడ అడ్డమొస్తే చతికిలబడుతుంది. అవతలివాళ్లది తక్కువ ఫ్రీక్వెన్సీ. నది దాటి, కిటికీలోంచి దూరి, నీ మంచం దాకా వస్తుంది. నీ ఖరీదైన ఫోన్ రెండూ పట్టుకుంటుంది కదా, దొరికినదాన్ని అంటుకుంటుంది. నువ్వు దుప్పటి కప్పుకుని పడుకునే ఉంటావు. కంపెనీవాడు మాత్రం నువ్వు విదేశం వెళ్లావని రోమింగ్ కింద బాదేస్తాడు. అందుకేగా ఈ వీధిలో నువ్వు తప్ప అందరూ రోమింగ్ ఆపేసుకుంది.”

“అయితే ఇప్పుడేమంటావురా?”

“నువ్వెళ్లి గోదాం పని చూసుకో. ఫోన్ నాకిచ్చి వెళ్లు. నేను వెనకగదిలో కూర్చుని పాటలు పెడతా. మూడింటి నుంచి అయిదింటి దాకా నువ్వు అవతలి ఒడ్డున ఉన్నావని కంపెనీవాడే బిల్లు రాసిస్తాడు. వంతెన మీద ఎటూ ఎవణ్ణీ ఆపి అడగరు.”

పెళ్లయిన పన్నెండేళ్లలో బావమరిది నోటి నుంచి పనికొచ్చే మాట రావడం అదే మొదలు. షావుకారు కళ్లు చెమ్మగిల్లాయి.

మంగళవారం పని పద్ధతిగా జరిగింది. తాళం పగలడానికి పావుగంట పట్టింది. మంచి తాళమే కొన్నానని ఆ చెమటలోనూ గర్వపడ్డాడు. అద్దె వ్యాన్ తనే నడుపుకుంటూ పోయి, నీళ్లు నిండిన పాడుబడ్డ క్వారీ గుంటలో పెట్టెలన్నీ ముంచేశాడు. పిట్ట కూడా చూడకుండా ఇల్లు చేరాడు. మర్నాడు దొంగతనం జరిగిందని గుండెలు బాదుకుని, బీమా కాగితాలు నింపాడు.

నెలాఖరుకు ఫోన్ బిల్లు వచ్చింది. మామూలుకు పద్నాలుగింతలు. భార్య చూసి కూలబడింది. షావుకారు దాన్ని మడత పడకుండా ప్లాస్టిక్ కవరులో దాచుకున్నాడు. రోమింగ్ బిల్లును అంత ప్రేమగా చూసుకున్నవాడు ఏ దేశంలోనూ ఉండడు.

బిల్లు వచ్చిన నాలుగో రోజు పొద్దున్నే షాపుకు ఒక మహిళా పోలీసు ఇన్‌స్పెక్టర్ వచ్చింది. బీమా పని ఇంత చురుగ్గా కదులుతున్నందుకు షావుకారు సంతోషించి కుర్చీ తుడిచి వేశాడు.

“పదకొండో తారీకు మంగళవారం మధ్యాహ్నం ఎక్కడున్నారండీ?”

కవరు బయటికొచ్చింది. “అవతలి ఒడ్డునండీ. చూడండి, మూడు దాటి రెండు నిమిషాల నుంచి అయిదు దాకా.”

“ఫోన్ మీ దగ్గరే ఉందా? ఎవరికైనా ఇచ్చారా?”

“నా ఫోన్ మా ఆవిడక్కూడా ఇవ్వనండీ.”

“అదే రాసి సంతకం పెట్టండి.”

షావుకారు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, సంతకం కింద రెండు గీతలు కూడా గీశాడు. ఆమె కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

“మీ గోదాము కేసు వేరేవాళ్లు చూస్తున్నారు. నేను అవతలి పోలీసులు అడిగితే వచ్చాను. ఆ రోజు మూడున్నరకు, వంతెన దిగగానే ఉన్న నగల షాపును ముసుగు మనిషి ఒకడు దోచుకున్నాడు. ఆ వేళ అక్కడి టవర్ మీద ఇవతలి నంబరు ఒక్కటే ఉంది. మీది.”

షావుకారు మనసులో గబగబా లెక్కవేశాడు. బీమా మోసానికి రెండేళ్లు పడొచ్చు, దోపిడీకి పదేళ్లు. ఎనిమిదేళ్లు లాభం.

“మేడమ్, అబద్ధం రాశానండీ. నేను నది దాటలేదు. నా సరుకు నేనే తీసుకెళ్లి క్వారీ గుంటలో పారేశాను, బీమా కోసం.”

“ఎవరైనా చూశారా?”

“ఎవరూ చూడకుండా చాలా జాగ్రత్తపడ్డానండీ.”

“పెట్టెలు ఏ రోజు మునిగాయో గుంటలో నీళ్లు చెప్తాయా?”

“మా బావమరిదిని అడగండి. ఆ రెండు గంటలూ నా ఫోన్ పెట్టుకుని మా వెనకగదిలో కూర్చున్నది వాడే.”

“అడిగే వచ్చామండీ,” అంది ఇన్‌స్పెక్టర్. “ఆ వేళ తానూ అవతలి ఒడ్డునే ఉన్నానని, ఆ షాపులోంచి నగల సంచితో పరిగెత్తింది తన బావేనని, ముసుగు వేసుకున్నా నడక పోల్చుకున్నానని, కళ్లారా చూసిన సాక్షిగా రాసిచ్చింది ఆయనే.”