గురికి అందని నౌక

"ఇగో, మళ్లోసారి చూడుండ్రి తాతా," అంటూ భానుచందర్ తన లాప్‌టాప్‌ను పండరి వైపు తిప్పాడు.

తెర మీద వీడియో గేమ్ రికార్డింగ్. నల్లటి ఆకాశం. సరుకు నింపుకున్న అంతరిక్ష నౌక ఒకటి స్థావరం వైపు పోతోంది. వెనక మూడు శత్రు నౌకలు తరుముతున్నాయి. గురిచూసే ఎర్రటి వలయంలో ఆ నౌక రెండు సెకన్లు నిలిస్తే చాలు, క్షిపణి వదిలేయొచ్చు. నిలిస్తేగా! వలయం దగ్గరికి రావడమే ఆలస్యం, నౌక అటు పిసరంత, ఇటు పిసరంత జారిపోతుంది. ఆఖరికి ముగ్గురినీ వెక్కిరించినట్టు స్థావరంలోకి దూరింది.

దాన్ని నడిపింది పండరే. అరవై తొమ్మిదేళ్ల మనిషి. కొత్తవాడలోని ఈ ఇంట్లోనే, మనవరాలు యమున కంప్యూటర్ మీద ఆడతాడు. యమున, ఇంజనీరింగ్‌లో ఆమెతో చదివే ఇద్దరు స్నేహితురాళ్లు, తాత కలిస్తే జట్టు. హన్మకొండలో గేమింగ్ సెంటర్ నడిపే భానుచందర్ పెట్టిన పోటీలో వీళ్లు ఫైనల్‌కు చేరారు. ఓడినవాళ్లు ఊరుకుంటారా? మోసమని ఫిర్యాదు చేశారు. అందుకే భానుచందర్ ఎండనపడి వచ్చాడు.

"ఆరు ఆటలాడిండ్రు. ఒక్కసారి గూడ దొరకలే. ఒక్క గుండు గూడ పేల్చలే. గిదెట్ల?"

"పేల్చుడు మేం చూస్కుంటమన్నా. తాత పని సరుకు చేర్చుడే," అంది యమున టీ తెచ్చి పెడుతూ. అతనికి కప్పు నిండా, తాతకు పెద్ద స్టీలు గ్లాసులో సగం.

"తాతనేం అంటలేను. నువ్వే కంప్యూటర్‌ల ఏదన్న ప్రోగ్రామ్ పెట్టినవేమో."

యమున ముఖం ఎర్రబడింది. తాత వైపు చూసింది. తాత కళ్లతోనే వద్దన్నాడు. భానుచందర్ అది చూడనే చూశాడు. దొంగాటలు పట్టడంలో తనంతటివాడు లేడని అతనికి గట్టి నమ్మకం.

పైగా మే నెల ఉక్కకు ఇల్లంతా ఉడికిపోతుంటే, ఈ పెద్దమనిషి ఒళ్లో తువ్వాల కప్పుకుని, చేతులు దాని కింద పెట్టుకుని కూర్చున్నాడు. అదేం వాలకమో అర్థం కాలేదు.

"టీ తాగుండ్రి తాతా, సల్లారుతాంది."

"నువ్వు తాగు బిడ్డా. నేను ఎన్క తాగుత."

గోడకు ఒక జంపఖానా వేలాడుతోంది. మాట మార్చడానికి భానుచందర్ దాన్ని చూపించాడు. "మీరు నేసిందేనా? చారలు స్కేలు పెట్టి గీసినట్టున్నయి."

"అది అప్పటిది. ఇప్పుడు మగ్గం మీద కూసుంటలేను."

"పవర్‌లూమ్‌లొచ్చినంక చేతి మగ్గం ఎవరు నేస్తాండ్రు తియ్యిండ్రి."

పండరి మగ్గం విడిచి మూడేళ్లయింది. అయ్యో పాపం అనిపించుకోవడం చచ్చినా ఇష్టం లేక మొదటి ఏడాదంతా గడప దాటలేదు. ఈ ఆట మొదలుపెట్టాకే సాయంత్రమైతే "తాతా, జల్ది రా, నువ్వు లేకుంటే ఎట్ల?" అని ఆడపిల్లలు హెడ్‌ఫోన్‌లో పిలుస్తున్నారు. ఆ పిలుపు పోతుందనుకుంటేనే ఆయనకు దిగులుగా ఉంది.

భానుచందర్ ఇంకో పేజీ తెరిచాడు. అందులో రంపం పళ్లలా ఒక గీత.

"ఇది మీ జాయ్‌స్టిక్ కదిలిన తీరు. సెకనుకు ఐదుసార్లు అటు, ఇటు. అర్ధగంట ఆటల ఒక్క నిమిషమన్న ఆగలే. ఆట షురూ గాకముందు గూడ గిట్లనే ఉన్నది. మనిషన్నోడు ఇట్ల ఆడుతడా? ఇది మిషన్ పని. కాదంటే మా సెంటర్‌కొచ్చి అందరి ముందల ఆడి చూపెట్టుండ్రి, ఒప్పుకుంట."

"అందరి ముందల కూసోను బిడ్డా," అన్నాడు పండరి వెంటనే.

"అట్లయితే ఆదివారం ఫైనల్ల మీ జట్టు ఉండది. యమునను ఇగ ఏ పోటీకి రానియ్య."

"అన్నా, అసలు సంగతేందంటే..." యమున అందుకుంది.

"యమునా! నా మీద ఒట్టేసినవ్!"

యమున కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. పండరి ఆ నీళ్లు చూశాడు. నలభై ఏళ్లు జంపఖానాలు నేసినా ఎవరికీ ఒక్క పోగు తక్కువ వేయని మనిషి ఆయన. తన మూలంగా మనవరాలికి దొంగ అన్న పేరు రావడం తట్టుకోలేకపోయాడు.

"ఆ పిడి తీస్కొచ్చి అన్న కంప్యూటర్‌కు తగిలియ్యి బిడ్డా," అన్నాడు. పిడి అంటే ఆయన భాషలో జాయ్‌స్టిక్. "మన కంప్యూటర్‌ల ఏదో ఉన్నదంటాండు గద."

యమున ఒక్క క్షణం తటపటాయించి తగిలించింది.

"ఆట పెట్టాల్నా తాతా?" అడిగాడు భానుచందర్.

"వద్దు. ఉత్తగ చెయ్యి పెడ్త. నువ్వు గీత చూడు."

పండరి తువ్వాల తీసి పక్కన పెట్టి, పిడి మీద చెయ్యి వేశాడు. భానుచందర్ తెర మీంచి చూపు తిప్పలేదు. గీత బయలుదేరింది. అవే రంపం పళ్లు, సెకనుకు ఐదు. ఆట లేదు. ప్రోగ్రామ్ లేదు. లాప్‌టాప్ తనదే. ఒక నిమిషం చూశాడు, రెండు నిమిషాలు చూశాడు. గీత ఆగనే లేదు.

"చాలు తాతా, నమ్మిన. ఇగ ఆపుండ్రి."

"చేతులు ఆగితే మగ్గమెందుకు ఇడుస్త బిడ్డా?"