బాగుందిగారు

"ఆ పెద్దాయన మళ్లీ పక్కవాళ్ల వైపే చూస్తున్నాడు మేడమ్," అన్నాడు సహాయకుడు.

మేడమ్ గాజు తలుపులోంచి చూసింది.

వరి పరిశోధన కేంద్రంలో అది రుచి చూసే గది. టైపిస్టు, డ్రైవరు, తోటమాలి, ఇంకా కొందరు బల్లల ముందు కూర్చున్నారు. ఒకదాని తర్వాత ఒకటిగా గిన్నెల్లో కాస్త కాస్త అన్నం వస్తుంది. గిన్నె మీద అంకె తప్ప పేరుండదు. తిని, మార్కులు వెయ్యాలి. ఏది ఏ రకమో ఎవరికీ చెప్పరు.

మూలన కూర్చున్న పెద్దాయన కోతల కూలీ. కూలీల తరఫున ఒకరుండాలంటే పొలం మేస్త్రి ఆయన్ని పంపాడు. వచ్చిన రోజు నుంచీ ఏ గిన్నె పెట్టినా ఆయనది ఒకటే మాట, బాగుంది. మార్కులు ఎప్పుడూ నిండుగానే. గబగబా తినేసి, కాగితం పక్కన పెట్టి, మిగతావాళ్లు తింటుంటే అదే పనిగా చూస్తాడు.

టైపిస్టు ఆయనకి బాగుందిగారు అని పేరు పెట్టింది. పిలిస్తే ఆయనా నవ్వుతూ పలికేవాడు.

మేడమ్‌కి మాత్రం ఒళ్లు మండేది. ఇవాళ ఆమె తయారుచేసిన కొత్త వరి రకం రుచి పరీక్షకి వచ్చింది. వానలు మొహం చాటేసిన ఏడు కూడా పండి, కూలీల ఇళ్లలో పొయ్యి ఆరకుండా చూసే వరి. ఏళ్ల తరబడి దాని మీదే పనిచేసింది. దిగుబడిలో నెగ్గింది. ఇక్కడ తప్పితే ఫైలు మూసేస్తారు. ఉత్తుత్తి మార్కులు కలిశాయని తెలిస్తే పైవాళ్లు పరీక్షనే కొట్టిపారేస్తారు.

"ఈసారి ముక్కిపోయిన బియ్యం గిన్నె పంపు," అంది సహాయకుడితో.

అది అక్కడి పద్ధతే. తినేవాళ్లు నిజం రాస్తున్నారో లేదో చూడ్డానికి మధ్యలో ఒక చెడ్డ గిన్నె తోస్తారు.

గిన్నెలు వెళ్లాయి. పెద్దాయన అందరికంటే ముందు తినేసి, నిండు మార్కులు వేసి, తలెత్తాడు.

డ్రైవరు మొహం చిట్లించాడు. టైపిస్టు ముద్దని కాగితంలో ఉమ్మేసింది. తోటమాలి గిన్నెని అవతలికి నెట్టాడు.

పెద్దాయన మొహం వాడిపోయింది.

దొరికిపోయాననుకున్నాడు కాబోలు, అనుకుంది మేడమ్. లోపలికొచ్చి ఆయన ముందు నిలబడింది.

"ఈ అన్నం ఎలా ఉంది పెద్దాయనా?"

"బాగుందమ్మా." ఆ మాటలో ఎప్పటి హుషారు లేదు.

"అందరూ ఉమ్మేస్తుంటే మీకొక్కరికే బాగుందా?"

"నాకు బానే ఉందమ్మా. వాళ్లకే..." అని ఆగిపోయాడు.

"ఆకలేస్తే చెప్పండి, క్యాంటీన్‌లో పెట్టిస్తాను. ఇక్కడ కూర్చుని అబద్ధాలు రాసి మా కష్టం బూడిదలో పొయ్యకండి."

పెద్దాయన లేచి, తలపాగా సర్దుకున్నాడు. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"ఇదేనా అమ్మా, కొత్త రకం?"

"అది చెప్పకూడదు. మీరు వెళ్లండి."

ఆయన వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి గిన్నెలో ఆమె వరి వచ్చింది. డ్రైవరు అడుగంటా తిని, "ఇంకాస్త ఉందా?" అని అడిగాడు. తోటమాలి వేళ్లు నాకాడు. మార్కులు కూడితే అంత మంచి మార్కులు ఆ గదిలో అంతకుముందు ఏ రకానికీ రాలేదు. మేడమ్ చాలా రోజుల తర్వాత మనసారా నవ్వింది.

సాయంత్రం పొలం మేస్త్రి వచ్చాడు, బిక్కమొహం వేసుకుని.

"నెగ్గాం మేస్త్రీ. అందరికీ నచ్చింది."

మేస్త్రి అయోమయంగా చూశాడు. "మరి పెద్దాయన అలా అన్నాడేంటి మేడమ్? ఎవరూ నోట పెట్టలేకపోయారని, గేటు దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు."

మేడమ్ నవ్వు ఆగిపోయింది. "అయ్యో, అది వేరే గిన్నె. పిలవండి, నేనే చెబుతాను."

"ఇంకెక్కడి పెద్దాయన? కోతలైపోయాయి, లారీ ఎక్కి వెళ్లిపోయారు. పనెక్కడుంటే అక్కడికి పోయే మనుషులు. ఆయన దగ్గర ఫోను కూడా లేదు."

"తిండి కోసం వచ్చిన మనిషికి అంత బాధేంటి?"

"తిండి కోసమా?" మేస్త్రి గొంతు కాస్త కరుకెక్కింది. "ఆయనకి వాసనా రుచీ పోయి ఏళ్లయింది మేడమ్. గడ్డి పెట్టినా బాగుందనే అంటాడు. ఆ సంగతి చెబితే మీరు రానివ్వరని దాచాను. నాకు రుచి తెలీకపోతేనేం, తినేవాళ్ల మొహాలు చూసుకుంటానని నన్ను బతిమాలాడు."

"మన వరి ఎలా ఉందో ఆయనకెందుకు?"

మేస్త్రి కిటికీలోంచి పొలం మూల వైపు చూపించాడు.

"సుడిదోమ పురుగు పడి పైరంతా మాడిపోయిన ఏడు గుర్తుందా? మీరు ఊళ్లో లేరు. ఎలాగైనా ఆ మూల మడిని కాపాడమని ఫోన్ చేశారు."

గుర్తుంది. ఆ మడిలో మిగిలిన మొక్కల నుంచే ఈ రకం వచ్చింది. అప్పుడు ఎవరో కూలీ ఆస్పత్రి పాలయ్యాడని కూడా వింది. ఎవరని అడగలేదు. ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేదని ఇప్పుడు ప్రాణం కొట్టుకుంది.

"ముక్కుకి కట్టుకునే మాస్కులు ఇంకా రాలేదని అందరూ వెనక్కి తగ్గితే," అన్నాడు మేస్త్రి, "పురుగుమందు పంపు వీపున వేసుకుని ఆ మడిలోకి దిగి, నోటి రుచిని అక్కడే వదులుకుని వచ్చినవాడు ఆయనే మేడమ్."