ఎదురుగాలి లెక్క

"వారానికి ఒక్క పూట ఇంటి భోజనం. అదీ ఇలా చల్లారిన కూరతోనా?" అంటూ ఇంజనీరు కంచాన్ని ముందుకు నెట్టాడు.

"అత్తయ్య అప్పటికే మూడుసార్లు వేడిచేశారండీ. ఇంకోసారి పొయ్యెక్కిస్తే అది కూర కాదు, బొగ్గు" అంది భార్య.

"ఆవిడ వేడిచేస్తుంటే నువ్వేం వెలగబెడుతున్నావు?"

"పనుండి బయటికెళ్ళాను. అయినా మీ విమానం పదకొండింటికి దిగాలిగా? ఒంటిగంటన్నరయింది."

"ఎన్నిసార్లు చెప్పాలి? వెళ్ళేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది, గంటన్నరలో దిగుతాను. వచ్చేటప్పుడు ఎదురుగాలి. విమానం ఈదుకుంటూ రావాలి."

"దూరం అంతేగా?"

"దూరాన్ని బట్టి కాదు, గాలిని బట్టి నడుస్తాయి విమానాలు. చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలీదూ?"

ఈ మాట దగ్గర తల్లి ఎప్పుడూ "పాపం, గాలిని వాడేం చేస్తాడే" అని అందుకునేది. ఇవాళ ఆవిడ గరిటె పట్టుకుని ఊరికే నిలబడింది. అతనికది వింతగా తోచింది.

భార్య అతని గ్లాసులో నీళ్ళు పోసింది.

"నిజమేనండీ, ఇవాళ ఎదురుగాలే. పది నిమిషాలు ఆలస్యమని పైలట్ మైకులో చెప్పాడు కూడా. మీరు వినలేదు. గురకపెడుతున్నారు."

అతను గ్లాసు అందుకోబోయి ఆగాడు.

"చివరి వరసలో కూర్చున్నాను. నిన్న మీరు పనిచేసే ఊరికి వెళ్ళి, ఇవాళ మీ విమానంలోనే వచ్చాను. మీ టాక్సీ వెనకే నా టాక్సీ. ఈ ఊళ్ళోనే, ఓ పూలకుండీల మేడ ముందు ఆగారు. తలుపు తీసినావిడ మీ చేతిలో పెట్టె అందుకుంది. మీరు సొంతింట్లోకి వెళ్ళినట్టు చెప్పులు విప్పి లోపలికెళ్ళారు. అక్కడ వేడివేడిగా తినొచ్చాక, ఇక్కడిది చల్లగా ఉండక ఏం చేస్తుంది?"

అతను తల్లి వైపు తిరిగాడు.

"చూశావా అమ్మా! కట్టుకున్నవాణ్ణి దొంగని వెంటాడినట్టు వెంటాడుతోంది. నువ్వైనా దీనికి గడ్డి పెట్టు."

తల్లి గరిటె గిన్నెలో పెట్టింది. అతని ముందున్న కంచం తీసేసింది.

"నీ పెట్టె గుమ్మంలోనే ఉంది, విప్పనివ్వలేదు. పట్టుకుని ఆ మేడకే వెళ్ళు. ఇకనుంచి ఈ ఇంట్లో పొయ్యి మా ఇద్దరికే వెలుగుతుంది."

"కోడలి మాట నమ్మి కన్నకొడుకుని గెంటేస్తావా?"

"దాని మాట నమ్మడమేంట్రా, విమానం టికెట్టు కొనిచ్చి పంపిందే నేనైతే! మీ నాన్న కూడా రైలు ఆలస్యమనేవాడు. నేను బతుకంతా కూర వేడిచేస్తూ కూర్చున్నాను. నాకు టికెట్టు కొనిచ్చే అత్త లేకపోయింది."