మా బావి పొరకి పైన

"మా అమ్మ ఆఖరి గుక్క నీళ్లని ఉప్పు చేసింది మీరే!"

బట్టలు కుట్టే మనిషి తమ బావినీళ్ల సీసాని ఫ్యాక్టరీ మేనేజరు బల్లమీద ఠక్కున పెట్టింది.

"బావిలో ఉప్పు డబ్బా జారిందేమో చూసుకోమ్మా!" మేనేజరు నవ్వి, గ్లాసు ముందుకి తోశాడు. "ఇదిగో, మా బోరునీళ్లు తాగు."

తాగింది. ఎంత తియ్యగా ఉన్నాయో!

"చూశావా? భూమి అడుగున బంకమట్టి పొర ఉంది, మా బోరు దానికీ కింద. మేం తోడుతున్నకొద్దీ పైనీళ్లు అందులోంచి కిందికి దిగుతాయి. ఉప్పుని మాత్రం ఆ మట్టి దిగనివ్వదు. డబ్బు పెట్టి కొన్నా దొరకదు అలాంటి జల్లెడ!"

"దిగని ఉప్పు ఎటు పోతుంది సార్?"

"ఎటు పోతుంది? పొర పైనే పేరుకుంటుంది."

"మా బావి పొరకి పైనా, కిందా?"

"పైనే..." మేనేజరు సీసా కేసి చూశాడు.

ఆమె గ్లాసునే చూస్తోంది. "నీళ్లు ఉప్పగా ఉన్నాయే అని అమ్మ ఉమ్మేసేది. జ్వరం నోరు కదా, అలాగే ఉంటుంది, మింగు అనేవాళ్లం. పోయేదాకా తియ్యనీళ్లే అడిగింది."

"అయ్యో, పెద్దావిడ..."

"ఏడవడానికి మేమున్నాం. వీధిలో పసిపిల్లలు ఇంకా ఆ నీళ్లే తాగుతున్నారు. ఫ్యాక్టరీకి తోడడం ఆపండి. ఈ బోరు గొట్టం ఈ పూటే మా వీధికి తిప్పండి. తిప్పేదాకా ఈ గదిలోంచి కదలను."