ఆకు సాక్ష్యం

“పొగాకు ముట్టుకున్న చేత్తో ఎవరో నా టమాటా మొక్కల్ని ముట్టుకున్నారు. ఎండిన పొగాకులో కూడా చావదు ఈ వైరస్, వేళ్లకంటుకుని వచ్చేస్తుంది. ఎవరి పనో తేలాల్సిందే,” అన్నారు ప్రొఫెసర్ గారు.

గాజు షెడ్డులో బల్లల నిండా మొక్కలు ఆకులు ముడుచుకుని వెలవెలబోతున్నాయి. సూపర్‌వైజరు, డ్రైవరు, ల్యాబ్ అమ్మాయి వరసగా నిలబడ్డారు. ముగ్గురి చూపులూ చివర నిలబడ్డ నీళ్లమ్మ మీదికే పోయాయి. మొక్కలకు నీళ్లు పట్టేది ఆమే, అందుకే ఆ పేరు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు.

“మీ ఆయన చుట్టలు కాలుస్తాడుగా?” అన్నాడు సూపర్‌వైజరు.

“మానేసి చాన్నాళ్లయిందన్నా. కాల్చినా ఆయన కాల్చాలి గానీ, నేను కాదుగా.”

మాటకు మాట అనేసింది గానీ ఆమె భయం ఆమెది. ఉద్యోగం పోతే, షెడ్డు వెనకాల తాముంటున్న గది కూడా ఖాళీ చెయ్యాలి.

“మీలో మీకు గొడవెందుకు? ఇది చెబుతుంది,” అంటూ ప్రొఫెసర్ గారు ఒక కుండీ ముందుకు జరిపారు. “మన టమాటాకి వైరస్ వచ్చినా తెలీదు, ఇల్లంతా అప్పగించి కూర్చుంటుంది. ఈ మొక్క అలా కాదు. దీని కణాల్లో గ్రాహకమని ఒకటుంది, కాపలావాడనుకోండి. వైరస్‌ని ఇట్టే గుర్తుపడుతుంది. వెంటనే ఆ చుట్టుపక్కల కణాలు తమంతట తామే చచ్చిపోతాయి. వైరస్‌కి ముందుకెళ్లే దారుండదు, మొక్క బతుకుతుంది. ఆకు మీద చిన్న మచ్చలు మాత్రం మిగుల్తాయి. తలా ఒక ఆకు రుద్దండి. ఎవరి ఆకు మీద మచ్చలొస్తే వాళ్లే దొంగ.”

“అది పెద్దా చిన్నా చూడదు కదా సార్?” అంది నీళ్లమ్మ.

“చూడదు. సైన్సుకి అందరూ ఒకటే.”

గట్టిగా రుద్దితే ఆకు చిరుగుతుంది, మెల్లగా రుద్దితే వైరస్ లోపలికి దిగదు. అందుకని ప్రొఫెసర్ గారే ఒక్కొక్కరి వేళ్లూ పట్టుకుని, పలక మీద అక్షరాలు దిద్దించినట్టు రుద్దించారు. నీళ్లమ్మ మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుంది.

“నా చెయ్యి పట్టుకున్నవాడు ఒక్కడే సార్. వాడితోనే సగం జీవితం సరిపోయింది. నేనే రుద్దుకుంటాను.”

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఒద్దికగా రుద్ది, ఆకు కాడకి తన పేరు చీటీ కట్టించుకుంది.

రెండు రోజులు ఆమెకు తిండి సహించలేదు. మూడోనాడు అందరూ కుండీ చుట్టూ చేరారు.

సూపర్‌వైజరు ఆకు నిండా మచ్చలు. డ్రైవరు ఆకు నిండా మచ్చలు. పొగాకు వాసనకే తలనొప్పి తెచ్చుకునే ల్యాబ్ అమ్మాయి ఆకు మీద కూడా సూదితో పొడిచినట్టు గోధుమరంగు మచ్చలు. నీళ్లమ్మ ఆకు నిగనిగలాడుతోంది.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. “చూశారా సార్, నేను కాదు,” అంది కళ్లొత్తుకుంటూ.

ప్రొఫెసర్ గారు నాలుగు ఆకుల్నీ మార్చి మార్చి చూశారు.

“ముగ్గురికి ముగ్గురూ దొంగలు కావడం జరగని పని,” అన్నారు చివరికి. “అందరికీ వచ్చి నీ ఒక్కదానికే రాలేదంటే, నువ్వే చేతికేదో పూసుకొచ్చి పరీక్షంతా చెడగొట్టావు. రేపట్నించి పనిలోకి రావద్దు.”

తీర్పు చెప్పి, బుర్ర వేడెక్కిందనుకుంటూ షెడ్డు బయటికొచ్చి, ప్రొఫెసర్ గారు జేబులోంచి సిగరెట్టు తీసి వెలిగించుకున్నారు.