ఆరు గళ్లలో పెట్టిన మాట

సోనీ,

రెండేళ్లలో నీకు నాలుగు కార్డులు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. నా కొండకి ఫోను సిగ్నల్ రాదని తెలిసీ తాతని గాలికి వదిలేశావు.

తేజని పెళ్లి చేసుకోనా అని అడిగావు. ఆలోచించి రాస్తానన్నాను. "నీ కార్డొచ్చేదాకా కొండెక్కను" అని విశాఖ పోయావు.

పోయే ముందు నీ కంప్యూటర్ పని కూడా చెప్పావు. "తాతా, అందులో ప్రతి సరుకుకీ ఒక చిరునామా ఉంటాది. దాంట్లో కొన్ని గళ్లు ఎప్పుడూ ఖాళీయే. సోటు కలిసొస్తాదని అక్కడ సిన్న కబురు దాస్తాం" అన్నావు.

తెలివైన పని. కార్డంతా మిరియాల తీగలకీ మేక ఈనిన సంగతికీ సరిపోయింది. చిరునామా కింద ఆరు గళ్లు ఊరికే పడున్నాయి. పెళ్లి మాట వాటిలో పెట్టాను.

నిన్న పోస్టాయన నాలుగు కార్డులూ తెచ్చి నా ఒళ్లో పడేశాడు. "ఏటి తాతా, పిన్ నంబరు గళ్లలో ఏటి రాసినావు? ఊళ్లన్నీ తిరిగి నీ కాడికే వచ్చినాయి."

తప్పు నీదే. దాచమన్నావు గానీ, ఆ చిరునామాకి బయల్దేరే ముందు దాచింది తీసేయాలని చెప్పలేదు.

ఈసారి గళ్లలో అంకెలు పోస్టాయనే వేశాడు. గడికో అక్షరం చొప్పున నేను నాలుగుసార్లు రాసింది ఇదీ: చేసుకోవే గుంటా.

వచ్చే శుక్రవారం సంతలోగా జవాబు రాయి. ఆ తేజ ఇంకా ఆగాడా, లేదా?

తాత