పావిరో తాత అడుగులు

అగ్నిపర్వతం అదురును పట్టే యంత్రాన్ని కొండ మీద పాతారు. దాని పక్కనే పావిరో తాత రోజూ ఆవులకి గడ్డి కోస్తాడు. ఆయన అడుగు పడితే చాలు, కింద కాపలా గదిలో ముల్లు కాగితాన్ని గీకుతుంది. అక్కడ కాపలా ఉండే అమ్మాయి సుమర్ని ఆ గీత పక్కన పెన్సిల్‌తో "తాత" అని రాసి, వాకీటాకీలో చీవాట్లు పెడుతుంది. మొండి ముసలాడు ఎప్పుడూ పలకడు.

ఇవాళ ముల్లు మరీ ఎగిరింది.

"తాతా, ఏనుగునెక్కి వెళ్ళావా ఏంటి? గడ్డి చాలు గానీ దిగిరా. ఆ కొండేం నీ చుట్టం కాదు!"

ఈసారి తాత పలికాడు. ఆయన వెనక లేగదూడ అరుస్తోంది.

"ఊరికే నోరు పారేసుకోకే పిల్లా! ఆవు ఈనింది. మూడు రోజులుగా నేను పాక దాటితే ఒట్టు."

సుమర్ని నిన్నటి కాగితం తీసింది. మొన్నటిదీ తీసింది. ప్రతి గీత పక్కనా తన దస్తూరీయే. తాత. తాత. తాత.

ముల్లు మళ్ళీ గీకడం మొదలుపెట్టింది. ఈసారి ఆగలేదు.

"పలకవేమే?" అన్నాడు తాత. "ఇంతకీ పైన తిరిగేదెవరు? కేకేసి దింపెయ్యనా?"